తిన్న తర్వాత అడిగే మాట

ఆ ఏటి కోతల కాలం మొత్తం మా చిన్నమామయ్య మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

అలాగని మాతో తగవేమీ లేదు. మాటలూ మానలేదు. రోజూ పొద్దువాలే వేళకి ఠంచనుగా వచ్చేవాడు. మా పందుల దొడ్డి కంచె మీద మోచేతులు ఆనించి నిలబడి, లోపలున్న నల్లపందిని తోక నుంచి మూతి దాకా చూసి, దాని యోగక్షేమాలు అడిగి మరీ వెళ్ళేవాడు. కాఫీ తాగమంటే కడుపులో మంట అనేవాడు. ఉడికిన చిలగడదుంప ఒకటి నోట్లో వేసుకోమంటే పన్ను నొప్పి అనేవాడు. కల్లు పేరు చెబితే చర్చిలోంచి కూడా లేచి వచ్చే మనిషి, అప్పుడే చెట్టు నుంచి దింపిన కల్లు ముంత ముందు పెడితే, "డాక్టరు వద్దన్నాడు అల్లుడూ" అని మొహం తిప్పుకునేవాడు. మా ఊరికి డాక్టరన్నవాడు వచ్చి ఎన్నేళ్ళయిందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఎందుకు తినడో ఊరందరికీ తెలుసు. మా కొండమీద పొలం పుట్రా కొడుకులవి. కొడుకులు లేకపోతే అన్నదమ్ములవి. కూతురికి వచ్చేదేమీ ఉండదు, ఒక్క దారి తప్ప. ఆ కూతురు ఒక పందిని మేపి, కోసి, వండి, మొగుడితో కలిసి మోసుకొచ్చి తండ్రి ముందు పెట్టాలి. తండ్రి లేకపోతే తండ్రి స్థానంలో ఉన్నవాడి ముందు పెట్టాలి. పెద్దలు తింటారు. తిని చేతులు కడుక్కున్నాక అప్పుడు అడుగుతారు, ఈ అన్నానికి అర్థం ఏమిటి తల్లీ అని. ముందే అడగడం మర్యాద కాదు. అప్పుడా పిల్ల మనసులో మాట చెబుతుంది. నోట్లో కూర రుచి ఉండగానే కాదు పొమ్మనే మొహం మా వైపు ఇంతవరకూ ఎవరికీ లేదు. అందుకని, ఇవ్వడం ఇష్టం లేనివాడు తినడు.

నిజానికి కాఫీ తాగినంత మాత్రాన పొలం ఇచ్చినట్టు కాదు. పంది ముక్క తింటేనే లెక్క. కానీ చిన్నమామయ్యకి మా వంటింటి మీదే నమ్మకం పోయింది. ఏ ముద్దలో ఏం పెట్టి తినిపిస్తామోనని ఆయన భయం.

మా మామగారు నాట్ల రోజుల్లో పోయారు. ఆయనకి కొడుకులు లేరు, తియార్మా ఒక్కతే కూతురు. తియార్మా నా భార్య. నాది సరస్సుకి అవతలి ఒడ్డు, నేను ఇల్లరికం వచ్చినవాణ్ణి. కొండ ఊట నేరుగా దిగే ఎగువ మడిని పెళ్ళయిన ఏటి నుంచీ నేనే దున్నుతున్నాను. మామగారి సమాధి మీద మట్టి ఆరకముందే ఆయన తమ్ముడు చిన్నమామయ్య పెద్దల మధ్య కూర్చుని చెప్పేశాడు. "నాటింది మీరు కాబట్టి ఈ పంట మీరు కోసుకోండి. ఆ తర్వాత అది నాది." ఎవరూ కాదనలేదు. కాదనడానికి ఏముంది, కట్టుబాటు ఆయన వైపే ఉంది.

ఇక ఆ కాలమంతా నాకు కాలు నిలవలేదు. వరి పాలు పోసుకుంటుంటే అందరూ సంతోషిస్తారు, నాకేమో గుబులు. గింజ పండేకొద్దీ పొలం నా చేతిలోంచి జారిపోతున్నట్టే ఉండేది. పొద్దున లేచి మడి దగ్గరికి, మడి దగ్గర్నుంచి పంది దగ్గరికి, పంది దగ్గర్నుంచి మళ్ళీ మడి దగ్గరికి. "ఒకచోట కూర్చో, చూస్తుంటేనే నా కాళ్ళు పీకుతున్నాయి" అనేది తియార్మా.

ఒక సాయంత్రం చిన్నమామయ్య కంచె మీద వాలి, "బాగా ఒళ్ళు చేసింది," అన్నాడు. "అమ్మేయకూడదూ? సంతదాకా తోలుకుపోవడం ఎందుకు, నేనే కొంటాను."

"అమ్మడానికి మేపట్లేదు మామయ్యా."

"మరి దేనికి? పెళ్ళి చేస్తావా దానికి?"

"మీరు ఎప్పుడు తింటానంటే అప్పటికోసం."

ఆయన పకపకా నవ్వాడు. నవ్వి, గొంతు తగ్గించాడు. "చూడు అల్లుడూ, నీ మీద నాకేం లేదు. నీలాగా గట్టు చెక్కేవాడు ఈ ఊళ్ళో లేడు, ఆ మాట ఎవడి ముందైనా చెబుతాను. కానీ నీ ఇంటిపేరు మాది కాదుగా. ఇవాళ పొలం నీకిస్తే, రేపు నీ కొడుకులది. వాళ్ళకి నీ ఇంటిపేరే వస్తుంది. మా తాత రాయీ రాయీ ఏరి కట్టిన గట్టు మీద సరస్సు అవతలి పేరుగలవాడు నిలబడి, నా మనవణ్ణి పట్టుకుని ‘ఎవడ్రా నువ్వు’ అంటాడు. పైకి పోయాక మా అన్నకి నేనేం చెప్పుకోను?"

నీ కొడుకులు అన్న మాట నోట్లోంచి వచ్చాక ఆయనకే ఇబ్బందిగా అనిపించినట్టుంది. పంది వైపు తిరిగి నాలుక చప్పరించాడు.

మా ఊళ్ళో పెళ్ళయిన మనిషిని సొంత పేరు పెట్టి పిలవరు. మొదటి బిడ్డ పేరుతో, ఫలానా వాళ్ళ నాన్న, ఫలానా వాళ్ళ అమ్మ. మనవడు పుట్టాక ఫలానా తాత. చిన్నమామయ్య కొడుకు పేరు జోంగీ, కాబట్టి ఆయన జోంగీ వాళ్ళ నాన్న. బిడ్డలు లేనివాళ్ళని కూడా ఊరు ఊరికే వదలదు. పైమా వాళ్ళ నాన్న, పైమా వాళ్ళ అమ్మ అంటుంది. పైమా అంటే ఎదురుచూపు. మమ్మల్ని పెళ్ళయిన కొత్తలోనే అలా పిలవడం మొదలుపెట్టారు. అప్పుడు ముద్దుగానే ఉండేది.

ఆ ఏడు కూడా మా అమ్మ సరస్సు అవతలి నుంచి ఏదో వేరు పంపింది. పొద్దున్నే కాచి, పరగడుపున మొగుడూ పెళ్ళాం చెరో గ్లాసు తాగాలి. వేపాకు దానికంటే తియ్యగా ఉంటుందేమో. తండ్రి పోయాక తియార్మా మానేసింది, కడుపులో తిప్పుతోందంది. పారబోయడానికి నాకు మనసొప్పక ఆమె గ్లాసు కూడా నేనే తాగేవాణ్ణి.

కోత మొదలైంది. మా దగ్గర ఒకరి కోతకి ఒకరు వెళ్ళాలి, అది తప్పదు. చిన్నమామయ్య కూడా కొడవలి పట్టుకుని పొద్దున్నే దిగాడు. పొలం తనది కాబోతోందని ఏమో, పనకి పన కట్టి అందరికంటే ముందు నడిచాడు. పొగమంచు విడిచి ఎండ వచ్చేవేళకి తియార్మా అన్నం గంప దింపింది. చారూ, ఎండుచేపా, నోరు తిమ్మిరెక్కించే ఆండలిమాన్ గింజల కారం. అందరూ గట్టు మీద చేరారు. చిన్నమామయ్య మాత్రం నడుముకు కట్టుకున్న అరిటాకు పొట్లం విప్పుకుని అవతలి రాతిబండ చాటుకి వెళ్ళాడు.

ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఏం జోంగీ నాన్నా, అన్న కూతురి వంటలో విషముందా?" అని అరిచింది ఒకావిడ.

బండ వెనకనుంచి నిండు నోటితోనే జవాబొచ్చింది. "విషమైతే తినేవాణ్ణే. పోతే నేనొక్కణ్ణే పోతాను. ఇది తింటే పొలం పోతుంది!"

గట్టు గట్టంతా నవ్వింది. తియార్మా కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ మధ్యాహ్నం కొడవలి ఎంత విసురుగా లాగానంటే మొదళ్ళతో సహా మట్టిగడ్డలు లేచొచ్చాయి. పక్కనున్నవాడు "పైమా వాళ్ళ నాన్నా, వరి మీద కోపమెందుకయ్యా" అన్నాడు.

ధాన్యం తొక్కే రోజుల్లో నేను తియార్మాకి పాఠం చెప్పడం మొదలుపెట్టాను. చాప మీద ఇద్దరం ఎదురుబొదురుగా వెదురు కర్రలు ఊతం పట్టుకుని పనలు తొక్కుతుంటే, చేతులకి పని లేదు కాబట్టి నోటికి పని చెప్పేవాణ్ణి.

"ఎప్పటికైనా మీ బాబాయి తినక తప్పదు. తిని అడిగినప్పుడు తడబడకు. ముందు మీ నాన్న మాట ఎత్తు. పెళ్ళి రోజున ఎగువ మడి నీదేనమ్మా అన్నాడని చెప్పు."

"అన్నాడా?"

"అనే ఉంటాడు."

"అనలేదు. నేనక్కడే ఉన్నాగా."

"మరి ఏమని అడుగుతావు?"

"ముందు ఆయన్ని అడగనీ," అని ఆమె గడ్డి దులిపి పక్కకి విసిరింది. "తినే రాత ఆయనకుంటే, చెప్పే మాట నాకు తోచకపోదు. నువ్వు కాస్త కాలు ఆడించు, అక్కడే తొక్కుతున్నావు."

గింజలు గాదెకెక్కాయి. మడిలో మోడులు మిగిలాయి. పందికి ఇక దొడ్డిలో తిరగడానికి చోటు చాలడం లేదు. చిన్నమామయ్య గట్టు మూలల్లో హద్దులుగా పాతడానికి రాళ్ళు ఏరి ఒకచోట పోగేశాడని విన్నాను. వెళ్ళి చూసి కూడా వచ్చాను. మంచి రాళ్ళే, ఎటు తిప్పినా నిలబడేవి. చూశాక అన్నం సహించలేదు.

ఇంతలో పెకన్‌బారు పట్నం నుంచి జోంగీ పెళ్ళాన్నీ, చంటి కొడుకునీ తీసుకుని దిగాడు. మొదటి మనవడు. చర్చిలో బాప్తిస్మం, ఆ వెంటనే ఇంట్లో పేరు పెట్టే విందు. ఆ రోజుతో చిన్నమామయ్య జోంగీ వాళ్ళ నాన్న కాకుండా పోయి తాత అవుతాడు. మనిషి నేల మీద నడవడం లేదు.

కానీ ఒక చిక్కు ఉంది. ఇంటివాళ్ళు తమ విందుకి తామే వండుకోవడం మా దగ్గర తలవంపులు. నీళ్ళు మోయాలన్నా, పంది కోయాలన్నా, వండి వడ్డించాలన్నా ఆ ఇంటి ఆడబిడ్డ, ఆమె మొగుడు రావాలి. చిన్నమామయ్యకి కూతుళ్ళు లేరు. ఆ వరసకి ఉన్నది అన్న కూతురు తియార్మా. అల్లుణ్ణి నేను.

ఆయన ఆ పిలుపుకి వచ్చి గుంజల మీద కట్టిన మా ఇంటి నిచ్చెన మెట్ల కింద నిలబడ్డాడు. సరస్సు మీదనుంచి కోసేసే చలిగాలి.

"లోపలికి రా బాబాయ్," అంది తియార్మా పైనుంచి.

"ఇక్కడే బాగుంది తల్లీ, గాలి వస్తోంది," అన్నాడు శాలువా చెవుల దాకా లాక్కుని.

నాకు నవ్వాగలేదు. ఆయన నన్ను చూడకుండా విషయం చెప్పాడు. ఆదివారం విందు. వియ్యాలవాళ్ళు వస్తున్నారు. పొయ్యి మీరే వెలిగించాలి. "పందిని మేమే తెస్తున్నాం. పెద్దది చూశాం," అని చివర గబగబా కలిపాడు.

ఆదివారం మాకు పనుందండీ అనడానికి నేను నోరు తెరిచాను. ఇన్నాళ్ళకి ఆయన జుట్టు నా చేతికి చిక్కింది. కానీ నాకంటే ముందే పైనుంచి తియార్మా అంది, "తెల్లారేసరికి వస్తాం బాబాయ్. పెద్ద బాన మా దగ్గరే ఉంది, తెస్తాను."

ఆయన వెళ్ళాక నేను ఇంట్లో గోడకీ గోడకీ మధ్య తిరిగాను. "బుద్ధుందా నీకు? మనం వెళ్ళకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. వియ్యంకుడి ముందు పరువు గంగలో కలుస్తుంది. అప్పుడు తనే దిగొచ్చేవాడు!"

"వాళ్ళింట్లో మొదటి మనవడయ్యా."

"మనకి పొలం కావాలా వద్దా?"

"నన్నా అడుగుతున్నావు?" తియార్మా బియ్యం చాట కింద పెట్టింది. "నేను నడక నేర్చుకుంది ఆ గట్ల మీద. నువ్వు నిన్న కాక మొన్న వచ్చావు. నాకు కావాలి, నీకంటే ఎక్కువ కావాలి. అయితే పసిబిడ్డకి పేరు పెట్టే రోజున పొయ్యి ఆర్పి అడుక్కోను."

 దొడ్డిలోకి వెళ్ళి పందికి మేత వేసి వచ్చాను.

ఆదివారం తెల్లారేసరికి చిన్నమామయ్య వాకిట్లో ఉన్నాం. ఆయన తెచ్చిన పంది నిజంగా ఏనుగు పిల్లలా ఉంది, ఇంటి కింద గుంజకి కట్టి ఉంది. నేను కత్తి నూరుతున్నాను. జోంగీ కొత్త బూట్లేసుకుని దాని చుట్టూ తిరుగుతున్నాడు.

"బావా, తాడు బాగా బిగిసిపోయింది దీనికి. పాపం, ఊపిరాడట్లేదు."

"ముట్టుకోకు జోంగీ. నేనొస్తున్నా ఉండు."

"కొంచెం వదులు చేస్తానంతే."

తర్వాత నేను విన్నది ఒక్క అరుపు. జోంగీ వెల్లకిలా బురదలో ఉన్నాడు. పంది కాఫీ మొక్కల్లోంచి దూసుకుపోయి, వెదురు పొద చీల్చుకుని, ఊరి వెనక లోయ అంచు దాకా వెళ్ళి, ఆగలేక అటే పోయింది. పరుగెత్తుకెళ్ళి చూశాం. ఎక్కడో అడుగున వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు. దిగి, వెతికి, పైకి తేవాలంటే సాయంత్రం కావాలి. ఊళ్ళో మిగిలిన దొడ్లలో ఉన్నవి పాలు తాగే కూనలు.

అప్పుడే ఊరి వెదురు వాకిలి దగ్గర సందడి వినిపించింది. వియ్యాలవాళ్ళు దిగారు. నెత్తి మీద చేపల బుట్టలు, భుజాల మీద పసివాడికి కప్పే నేత శాలువాలు. మా కొండమీద పిల్లనిచ్చినవాళ్ళే పైవాళ్ళు. వాళ్ళ ముందు పంది తల పెట్టలేని మనిషి తర్వాత ఏ సభలోనూ నోరెత్తలేడు. చిన్నమామయ్య వాకిట్లో నిలబడి ఒకసారి వాళ్ళ వైపు చూశాడు, ఒకసారి ఖాళీ గుంజ వైపు చూశాడు. అంతకుముందు వరకూ ఆయన మీద నాకున్న కోపం ఆ మొహం చూసేసరికి ఎక్కడికి పోయిందో తెలియదు.

తియార్మా తడి చేతులు తుడుచుకుంది. "ఏమయ్యా, మనదాన్ని తోలుకురా," అంది.

"వద్దు," అన్నాడు చిన్నమామయ్య వెంటనే. మళ్ళీ వాకిలి వైపు చూశాడు. "బదులుగా అయితే తీసుకుంటా. రేపే సంతలో అంతకంటే పెద్దది కొనిచ్చేస్తా."

"కూతురి పందిని ఎవరైనా బదులంటారా బాబాయ్? నువ్వు వెళ్ళి వాళ్ళని లోపలికి పిలువు. ఎంతసేపు నిలబెడతావు?"

ఆయన వెళ్ళి వియ్యంకుడికి ఎదురు నిలబడి చేతులు పట్టుకున్నాడు. నేను దొడ్డికి పరుగెత్తాను.

మధ్యాహ్నానికి విందు సిద్ధమైంది. నెత్తురు పోసి, ఆండలిమాన్ వేసి వండిన కూర వాసనకి గోడ అవతలి కుక్కలు కూడా వచ్చి కూర్చున్నాయి. తలా, దవడా, తోక భాగం ఎవరికి చెందాల్సింది వాళ్ళకి నేనే పంచాను.  చిన్నమామయ్య ముందు మంచి ముక్కలు పెట్టాను. ఆయన వాటిని పళ్ళెం అంచుకి నెట్టి, ఉత్త అన్నంలో కారం కలుపుకుని తింటున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, కారానికే అనుకుంటా.

వియ్యంకుడు భారీ మనిషి, నవ్వితే ఇంటి పలకలు అదిరేవి. "ఏం బావగారూ, మాకు పెట్టి మీరు ఉపవాసమా? మాంసంలో ఏం కలిపించారేంటి?" అని తన పళ్ళెంలోంచి ఒక కొవ్వు ముక్క తీసి చిన్నమామయ్య నోటి దగ్గర పెట్టాడు. "ఊఁ, పట్టండి."

పిల్లనిచ్చినవాడి చేతి ముద్ద వద్దనడం మా దగ్గర ఎవరివల్లా కాదు. చిన్నమామయ్య ఆ ముక్కని చూశాడు, గరిట పట్టుకుని నిలబడ్డ నన్ను చూశాడు. నోరు తెరిచాడు. చాలాసేపు నమిలాడు. మింగాక, ఇక ఎలాగూ అయిపోయిందిగా అన్నట్టు, పళ్ళెం అంచున ఉన్నవి తనే దగ్గరికి లాక్కున్నాడు. కోతల కాలమంతా ఆ పందిని చూసి చూసి ఆయనకి ఎంత నోరూరి ఉంటుందో అప్పుడర్థమైంది. ఎముక కూడా వదల్లేదు.

బిడ్డకి శాలువా కప్పారు. సహాలా అని పేరు పెట్టారు. అందరూ ఒక్కసారి "సహాలా తాతా!" అని పిలిస్తే చిన్నమామయ్య ముక్కు తుడుచుకున్నాడు.

వియ్యంకుడు చెయ్యి కడుక్కుంటూ, "ఇంతకీ ఈ పంది ఎక్కడిదండీ? మా వైపు ఇంత కొవ్వు పట్టదు," అన్నాడు.

ఇంట్లోదే అంటే సరిపోయేది. ఎవరూ కిమ్మనేవాళ్ళు కాదు. చిన్నమామయ్య శాలువా సర్దుకున్నాడు. "నా కూతురు తెచ్చింది," అన్నాడు.

"మరి అడిగారా?"

"ఏం అడగాలి?"

"భలేవారే! కూతురు పంది తెస్తే మీ ఊళ్ళో తిని ఊరికే లేస్తారా?"

 చిన్నమామయ్య మా ఇద్దరినీ పిలిచి ఎదురుగా చాప మీద కూర్చోమన్నాడు. నేను గరిట ఎక్కడ పెట్టాలో తెలియక దానితోనే కూర్చున్నాను.  ఆయన గొంతు సవరించుకుని, పెద్దలు అడిగే తీరులోనే అడిగాడు.

"తిన్నాం. కడుపు నిండింది. ఈ అన్నానికి అర్థం ఏమిటి తల్లీ?"

నేను మోకాలితో తియార్మాని పొడిచాను. మీ నాన్న మాట ఎత్తు అని. ఆమె నా వైపు చూడలేదు.

"ఎగువ మడి కావాలి బాబాయ్," అంది. "పూర్తిగా ఇమ్మనడం లేదు. మేం బతికినన్నాళ్ళు దున్నుకుంటాం. మా తర్వాత అది నీ ఇంటికే వస్తుంది. ఈ సహాలాకి."

"అదెట్లా కుదురుతుందమ్మా? రేపు మీ పిల్లలు..."

"పిల్లలు రారు."

"అట్లా అనకు తల్లీ. దేవుడు తలుచుకుంటే..."

"అనకపోతే నువ్వివ్వవుగా బాబాయ్." గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "నాకు తెలుసు. ఊరికీ తెలుసు. మర్యాదకి ఎవరూ అనరు, నేనూ ఇన్నాళ్ళు అనలేదు. నీ గట్టు మీద సరస్సు అవతలి పేరువాడు ఎవడూ వచ్చి నిలబడడు. ఇక మమ్మల్ని పైమా వాళ్ళని పిలవకండి. ఎదురుచూడటం అయిపోయింది."

ఆ మాట ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. ఇంట్లో కూడా, మేమిద్దరమే ఉన్నప్పుడు కూడా చెప్పలేదు. ఊరంతా కూర్చున్న చోట, ఊరితోపాటే నేనూ విన్నాను. నాకు పొలం గుర్తులేదు, పంది గుర్తులేదు. నేనింకా ఎదురుచూస్తూనే ఉన్నాను. ఆ పొద్దున కూడా ఆ వేరు కషాయం రెండు గ్లాసులూ తాగి వచ్చాను. ఆమె మీద కోపం వచ్చింది. ఆ వెంటనే, ఈ మాటని ఎన్నాళ్ళ నుంచి ఒక్కతే మోస్తోందో అనిపించి ఏడుపొచ్చింది. గరిట గట్టిగా పట్టుకున్నాను.

చిన్నమామయ్య తల వంచుకున్నాడు. ఆయన భయం ఆయనే నాతో చెప్పాడు కంచె దగ్గర. ఇప్పుడా భయానికి చోటు లేకుండా చేసిందామె. జోంగీ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు.

ఎవరూ అడక్కుండానే చిన్నమామయ్య భార్య లేచి లోపలికి వెళ్ళింది. చంటిబిడ్డ తల్లి కోసం పొద్దున పసుపు పట్టించి ఇగరబెట్టిన బంగారుతీగ చేపని, తలా తోకా విరగకుండా, పళ్ళెంలో అన్నం మీద పెట్టి తెచ్చి మొగుడి చేతుల్లో పెట్టింది. కూతురు తెచ్చిన మాంసానికి పుట్టింటివాళ్ళు చేప ఇస్తే ఒప్పుకున్నట్టు. "ఇవ్వు," అంది ఆయనతో.

చిన్నమామయ్య పళ్ళెం రెండు చేతులా ఎత్తి మా ముందుకి జరిగాడు. చేప ఇచ్చేటప్పుడు చెప్పే దీవెన మా మగవాళ్ళందరికీ నోటికి వచ్చు, నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతారు. ఆయన మొదలుపెట్టాడు. ఊట ఎండకూడదని, గింజ బరువెక్కాలని, మొగుడూ పెళ్ళాం ఒక్క మాట మీద నడవాలని. ఒక్కో మాటకీ ఇల్లంతా "అట్లే అగుగాక" అంటోంది. ఆ వరసలో తర్వాత వచ్చేది పదిహేడుమంది కొడుకులూ పదహారుమంది కూతుళ్ళూ. పెళ్ళి నుంచి ఈ రోజు దాకా ప్రతి విందులో, ప్రతి చేప పళ్ళెం మీదా మాకు ఆ దీవెన అందుతూనే ఉంది.

ఆయన అక్కడికి వచ్చి ఆగిపోయాడు. అందుకోడానికి తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉన్నాయి. 

"చెప్పు బాబాయ్," అంది తియార్మా. "దీవెన సగంలో ఆపకూడదు. వినడం నాకు అలవాటేగా."

ఆయన చెప్పాడు. కొడుకులనీ కూతుళ్ళనీ ఎవర్నీ వదలకుండా పూర్తిగా చెప్పాడు. అట్లే అగుగాక అంది ఇల్లంతా. నేను అనలేకపోయాను.

తియార్మా నా చేతిలోంచి గరిట తీసి పక్కన పెట్టింది. చేప తల దగ్గరి మెత్తటి కండ తుంచి, అన్నంలో అద్ది, నా అరచేతిలో పెట్టింది.

"తిను," అంది. "ముళ్ళుంటాయి, చూసుకో."